టోక్యోలో ఒక్క రోజే ఉంటే: తూర్పు వైపా, పడమటి వైపా?

టోక్యోను ఒక్క రోజులో చూడాలనుకునేవాళ్లు ముందుగా ఫోన్‌లో ఒక జాబితా రాసుకుంటారు. అసకుసా గుడి, స్కైట్రీ, ఉయెనో, అకిహబరా, ఇంపీరియల్ ప్యాలెస్, త్సుకిజి బజారు, టోక్యో టవర్, మెయిజీ మందిరం, హరజుకు, షిబుయా, షింజుకు. మ్యాప్‌లో అన్నీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. రైళ్లు కూడా నిమిషాల తేడాతో వస్తూనే ఉంటాయి. లెక్క తప్పేది స్టేషన్లలో. ఒక్క షింజుకు స్టేషన్‌కే 200 పైగా ద్వారాలున్నాయి. ప్లాట్‌ఫారం మీద దిగి, మనకు కావాల్సిన ద్వారం వెతుక్కుని, రోడ్డెక్కేసరికి కొత్తవాళ్లకు పావుగంట ఇట్టే అయిపోతుంది. పదకొండు చోట్లకీ ఇలాగే తిరిగితే రోజులో సగం ఎస్కలేటర్లు, టికెట్ గేట్లు చూడటంతోనే సరిపోతుంది.

అందుకే ముందు ఊళ్లో ఏ వైపు తిరగాలో తేల్చుకోండి, చోట్ల సంగతి తర్వాత. ఒక్క రోజు మనిషికి టోక్యో అంటే రెండు ఊళ్లు. సుమిదా నది ఒడ్డున అసకుసా, ఉయెనో ఉన్న తూర్పు వైపు ఒకటి. మెయిజీ మందిరం, హరజుకు, షిబుయా, షింజుకు ఉన్న పడమటి వైపు రెండోది. నా మాట ముందే చెప్పేస్తాను. అమ్మానాన్నలతో వెళ్తే తూర్పు. కాలేజీ వయసు పిల్లలతోనో స్నేహితులతోనో అయితే పడమర. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్తుంటే పొద్దున తూర్పు, సాయంత్రం పడమర. దీన్ని ఒక్క రైలుతో కుదుర్చుకోవచ్చు, అదెలాగో కింద చెబుతాను.

తూర్పు వైపు: పొద్దున్నే లేవగలిగితేనే

ఇటువైపు అసలు ఆకర్షణ అసకుసాలోని సెన్సోజి గుడి. 628లో ఇద్దరు జాలరి అన్నదమ్ముల వలలో బౌద్ధుల కరుణామూర్తి కన్నోన్ విగ్రహం పడిందని, దాని కోసమే ఈ గుడి వెలిసిందని స్థల పురాణం. టోక్యోలో అన్నిటికంటే పాత గుడి ఇదే. అయితే ఇప్పుడు కనిపించే కట్టడం పాతది కాదు. 1945 వైమానిక దాడుల్లో ప్రధాన మందిరం కాలిపోతే 1958లో మళ్లీ కట్టారు. ముందున్న కమినరిమోన్ ద్వారం 1960 నాటిది. దాన్ని కట్టించి ఇచ్చింది పానసోనిక్ కంపెనీ స్థాపకుడు మత్సుషిత కొనొసుకె. ఆ ద్వారానికి వేలాడే ఎర్ర లాంతరు 3.9 మీటర్ల పొడవు, బరువు సుమారు 700 కిలోలు. అందరూ దాని ముందు నిలబడి ఫోటో దిగి లోపలికి వెళ్లిపోతారు. మీరు సరిగ్గా దాని కింద ఆగి తలెత్తి చూడండి. అడుగుభాగంలో చెక్కిన డ్రాగన్ కనిపిస్తుంది.

గుడి ఆవరణకు తలుపులు లేవు, ఎప్పుడైనా వెళ్లొచ్చు. ప్రధాన మందిరం ఉదయం 6 గంటలకు తెరుస్తారు, అక్టోబర్ నుంచి మార్చి దాకా ఆరున్నరకు. సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు. ఏడు గంటలకు వెళ్తే నడక వ్యాయామానికి వచ్చిన ఆ చుట్టుపక్కల ముసలివాళ్లు, మీరు, పావురాలు అంతే. పది దాటాక వెళ్తే తోపులాట. ద్వారం నుంచి గుడి దాకా ఉండే 250 మీటర్ల నకమిసె దుకాణాల వరసలో కాలు కూడా సరిగ్గా పెట్టలేరు. చిక్కేమిటంటే ఆ దుకాణాలు చాలావరకు తెరిచేది పది ప్రాంతంలోనే. గుడి ముఖ్యమైతే ఏడింటికి, షాపింగ్ ముఖ్యమైతే పదింటికి వెళ్లండి. నన్నడిగితే నకమిసెలో దొరికే విసనకర్రలు, కీచెయిన్లు ఊరంతా దొరుకుతాయి. గుడిలో ప్రశాంతత మాత్రం పొద్దున్నే తప్ప దొరకదు.

అక్కడ జాతకం చీటీ ఒకటి తీయండి. పెట్టెలో 100 యెన్ నాణెం వేసి, లోహపు డబ్బాను తలకిందులు చేసి గలగలా కదిలిస్తే చిన్న కన్నంలోంచి సన్నటి పుల్ల బయటికొస్తుంది. దాని మీద జపనీస్ అంకె ఉంటుంది. ఎదురుగా చెక్క సొరుగులు వరసగా ఉంటాయి. పుల్ల మీదున్న అంకెను సొరుగు మీది అంకెతో పోల్చుకుని, ఆ సొరుగు లాగి పైకాగితం తీసుకోవాలి. ఇంగ్లీషు కూడా ఉంటుంది కాబట్టి అర్థమవుతుంది. ఈ గుడిలో చెడు ఫలితాలు ఎక్కువని జపాన్ వాళ్లే చెప్పుకుంటారు, అమ్మ చేతికి అలాంటిది వస్తే టెన్షన్ పడొద్దని ముందే చెప్పి ఉంచండి. చెడు వస్తే ఆ కాగితాన్ని అక్కడే తీగలకు ముడి వేసి వచ్చేయడమే ఆచారం.

పెద్దవాళ్లతో వెళ్తే తూర్పు వైపే అని చెప్పడానికి అసలు కారణం వేరే ఉంది. సెన్సోజి నుంచి పది నిమిషాల నడకలో, నది పక్కన చిన్న గుట్ట మీద మత్సుచియామా షోదెన్ అనే గుడి ఉంది. అందులో కొలువైన కాంగితెన్ మన వినాయకుడే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరాడు. మూలవిరాట్టును ఎవరికీ చూపించరు. నైవేద్యంగా ఉండ్రాళ్లకు బదులు తెల్ల ముల్లంగి పెడతారు. ముల్లంగిని గుడిలోనే కొనొచ్చు. పెనవేసుకున్న రెండు ముల్లంగుల బొమ్మ, డబ్బు సంచి బొమ్మ గుడిలో ఎక్కడ చూసినా కనిపిస్తాయి. మెట్లెక్కలేని వాళ్ల కోసం చిన్న స్లోప్ కారు కూడా పెట్టారు. టూరిస్టు బస్సులు ఇక్కడ ఆగవు కాబట్టి జనం ఉండరు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఇక్కడికి టాక్సీలో తీసుకెళ్లండి. టోక్యోలో టాక్సీ మొదటి కిలోమీటరుకు సుమారు 500 యెన్. 100 యెన్ అంటే దాదాపు 60 రూపాయలు అనుకుంటే ఆ ఖర్చు భారం అనిపించదు.

అసకుసా స్టేషన్ నుంచి గింజా లైన్ మెట్రోలో మూడు స్టేషన్లు వెళ్తే ఉయెనో. పార్కులోని షినోబజు చెరువు మధ్య దీవిలో బెంతెన్‌దో ఉంది. అందులో దేవత బెంజైతెన్, అంటే సరస్వతి. మన వీణలాగే ఈమెది బివా అనే తంత్రీవాద్యం. జూలై, ఆగస్టులో చెరువు నిండా తామరలు పూస్తాయి. బాసరలో మనవళ్లకు అక్షరాభ్యాసం చేయించిన అమ్మమ్మలను ఇక్కడి నుంచి కదిలించడం కష్టమే.

ఉయెనోలో మిగిలిన సమయం ఒక్క మ్యూజియానికే ఇవ్వండి. 1872లో మొదలైన టోక్యో నేషనల్ మ్యూజియం అయితే సమురాయ్ కవచాలు, కత్తులు, బుద్ధ విగ్రహాలు ఒకేచోట చూడొచ్చు. ప్రధాన భవనానికి రెండు గంటలు పెట్టుకోండి. మామూలుగా సోమవారం సెలవు. ఆ సోమవారం ప్రభుత్వ సెలవు దినం అయితే మ్యూజియం తెరిచి మర్నాడు మూస్తారు. పార్కులోనే వెస్ట్రన్ ఆర్ట్ మ్యూజియం భవనం ఉంది. చండీగఢ్‌ను రూపొందించిన లె కార్బుజియె దాన్ని గీశాడు, 2016లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. భవనాలంటే ఇష్టముంటే బయటినుంచే చూసి వచ్చేయొచ్చు.

అసకుసాకు, ఉయెనోకు మధ్య కప్పాబషి అనే వంటసామాను వీధి ఉంది. హోటళ్లవాళ్లు పాత్రలు, కత్తులు కొనుక్కునే చోటు. అద్దాల్లో పెట్టే ప్లాస్టిక్ సుషీలు, నూడుల్స్ నమూనాలు కూడా ఇక్కడే కొంటారు. వంటింటి మీద మోజున్నవాళ్లకు నకమిసె కంటే ఇదే నయం. సాయంత్రం ఐదింటికల్లా చాలా దుకాణాలు కట్టేస్తారు, ఆదివారం చాలావరకు మూతే. కొన్న కత్తిని చెకిన్ సామానులోనే పెట్టాలన్నది మరిచిపోకండి.

పడమటి వైపు: మధ్యాహ్నం తర్వాతే ప్రాణం పోసుకుంటుంది

ఇటు మొదటి మెట్టు మెయిజీ మందిరం. మెయిజీ చక్రవర్తి, ఆయన రాణి షోకెన్‌ల పేర 1920లో కట్టారు. హరజుకు స్టేషన్ పక్కనే పెద్ద చెక్క ద్వారం దాటితే అడవి మొదలవుతుంది. వందల ఏళ్ల నాటి అడవి అనిపిస్తుంది కానీ ఇదంతా నాటిందే. దేశం నలుమూలల నుంచి జనం సుమారు లక్ష మొక్కలు పంపితే, వాటంతట అవే పెరిగి తోపుగా మారేలా లెక్క వేసి నాటారు. ప్రవేశం ఉచితం. సూర్యోదయానికి తెరిచి సూర్యాస్తమయానికి మూసేస్తారు, డిసెంబర్‌లో అయితే సాయంత్రం నాలుగింటికే. దారంతా కంకర రాళ్లు, గుడి దాకా పది పదిహేను నిమిషాల నడక. చెప్పులు సరిగ్గా లేకపోతే కాళ్లు పీకేస్తాయి.

హరజుకులో తకెషిత వీధి గురించి ఎక్కువ చెప్పను. పదిహేనేళ్ల ఆడపిల్లలుంటే వాళ్లకు స్వర్గం. లేకపోతే సన్నని సందులో జనాన్ని తోసుకుంటూ వెళ్లడమే. ఓమొతెసాందొ రోడ్డు మీద చెట్ల కింద నడుచుకుంటూ షిబుయా వైపు వెళ్లండి.

షిబుయా క్రాసింగ్ నాలుగు నిమిషాల వ్యవహారం అని కొట్టిపారేసేవాళ్లున్నారు. పగటిపూట వెళ్తే నిజంగా అంతే. చీకటి పడి, పెద్ద తెరలన్నీ వెలిగి, ఆఫీసులు వదిలాక చూడాలి. వాహనాలన్నిటికీ ఒకేసారి ఎర్ర దీపం పడుతుంది. నాలుగు వైపుల నుంచీ, ఐమూలగానూ జనం ఒక్కసారిగా రోడ్డు మీదికి దిగుతారు. ఒకరికొకరు తగలకుండా దాటేస్తారు. ఒకసారి మీరూ దాటాక పైనుంచి చూడండి. కాఫీ షాపు కిటికీ పక్క సీటు కోసం క్యూలో నిలబడాల్సిన పని లేదు. జేఆర్ (జపాన్ రైల్వేస్) స్టేషన్ నుంచి మార్క్ సిటీ భవనానికి వెళ్లే దారిలో పెద్ద అద్దాలున్నాయి, క్రాసింగ్ అంతా అక్కడి నుంచి ఉచితంగా కనిపిస్తుంది. ఆ అద్దాలకు ఎదురుగోడ మీద 30 మీటర్ల పొడవున ఉన్న బొమ్మ ఒకామొతొ తారో వేసిన అణుబాంబు విస్ఫోటన చిత్రం. 1960ల చివర్లో మెక్సికోలో ఓ హోటల్ కోసం వేశాడు. ఆ హోటల్ తెరుచుకోనే లేదు, బొమ్మ కనిపించకుండా పోయింది. 2003లో మళ్లీ దొరికితే, 2008లో ఇక్కడ పెట్టారు. రోజూ లక్షల మంది దాని పక్క నుంచే రైలు కోసం పరిగెడుతుంటారు.

స్టేషన్ ముందు, చనిపోయిన యజమాని కోసం ఏళ్ల తరబడి అక్కడే ఎదురుచూసిన హచికో కుక్క విగ్రహం దగ్గర ఫోటోకి క్యూ ఉంటుంది. మొదటి విగ్రహాన్ని 1934లో ఆవిష్కరించినప్పుడు హచికో బతికే ఉంది, ఆ వేడుకకు వచ్చింది కూడా. యుద్ధంలో లోహం కోసం ఆ విగ్రహాన్ని కరిగించేశారు. ఇప్పుడున్నది 1948 నాటిది.

షింజుకును రాత్రికి ఉంచుకోండి. ఒమొయిదె యొకొచో సందులో బొగ్గుల మీద కాల్చే కోడిమాంసం పుల్లల పొగ, గోల్డెన్ గాయ్‌లో ఐదారుగురు కూడా పట్టని బార్లు. మాంసం, మద్యం రెండూ ముట్టనివాళ్లకు ఇక్కడ పెద్దగా పని లేదు, షిబుయాతోనే ఆపేయొచ్చు.

రెండూ కావాలంటే

గింజా లైన్ మెట్రో ఒక చివర అసకుసా, ఇంకో చివర షిబుయా. మొత్తం 14 కిలోమీటర్ల పైచిలుకు, అరగంట దాటి కొంచెం. టికెట్ 300 యెన్ లోపే. 1927లో అసకుసా, ఉయెనో మధ్య మొదలైన ఈ లైనే ఆసియాలో మొదటి సబ్‌వే. నారింజ రంగు గుర్తు చూసి ఎక్కితే మారే గొడవ లేదు.

ఏడింటికి సెన్సోజి, తర్వాత వినాయకుడి గుడి, పదకొండుకల్లా ఉయెనో, భోజనం. రెండింటికి గింజా లైన్ ఎక్కి ఓమొతెసాందొలో దిగి మెయిజీ మందిరం దాకా నడక, చీకటి పడే వేళకు షిబుయా. మ్యూజియం వదులుకుంటేనే ఇది కుదురుతుంది. రెండు గంటలు మ్యూజియంలో కూర్చుని మెయిజీ కూడా చూస్తామంటే మందిరం గేటు మూసేసి ఉంటుంది. డిసెంబర్, జనవరిలో నాలుగున్నర, ఐదింటికే చీకటి పడుతుంది కాబట్టి అప్పుడు మెయిజీని మొత్తానికే తీసేసి, ఉయెనో నుంచి నేరుగా షిబుయాకి వెళ్లిపోవడం మంచిది. పొద్దున లేవలేని బృందమైతే తిరగేయండి: పదింటికి మెయిజీ, మధ్యాహ్నం షిబుయా, రాత్రి ఎనిమిదికి సెన్సోజి. దుకాణాలు మూసి ఉంటాయి, గర్భగుడీ మూసే ఉంటుంది. కానీ దీపాల వెలుగులో ఖాళీగా ఉన్న ఆవరణ చాలా బాగుంటుంది. నష్టమల్లా షిబుయాను పగటి వెలుగులో చూడాల్సి రావడమే.

ఎత్తు నుంచి ఊరు చూడటానికి ఎక్కడికి ఎక్కాలి? తూర్పున స్కైట్రీ 634 మీటర్లు, 350, 450 మీటర్ల దగ్గర వేదికలున్నాయి. అంత ఎత్తు నుంచి ఊరు మ్యాప్‌లా చదునుగా కనిపిస్తుంది, నాకు నచ్చదు. పడమటి వైపు షిబుయా స్కై 229 మీటర్లే అయినా పైకప్పు మీద గాలిలో నిలబడతారు. డబ్బు పెట్టేదైతే దీనికే పెట్టండి. టికెట్లు రెండు వారాల ముందే ఆన్‌లైన్‌లో వస్తాయి, సూర్యాస్తమయం వేళవి ఇట్టే అయిపోతాయి. గాలివాన ఉంటే పైకప్పు మూసేస్తారు. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే షింజుకులో ప్రభుత్వ భవనం 45వ అంతస్తు, 202 మీటర్లు, ఉచితం. అసకుసాలో కమినరిమోన్‌కు ఎదురుగా వాస్తుశిల్పి కుమ కెంగొ రూపొందించిన టూరిస్ట్ సెంటర్ ఎనిమిదో అంతస్తు కూడా ఉచితమే. నకమిసె వరసంతా, వెనక గుడీ అక్కడి నుంచి ఒకే చూపులో కనిపిస్తాయి.

తిండి సంగతి

శాకాహారులకు తూర్పు వైపే తేలిక. జపాన్‌లో పప్పు పులుసులా కనిపించే మిసో సూపులో, కూరగాయల ఉదోన్ నూడుల్స్‌లో కూడా చేపతో చేసిన దాషి రసం ఉంటుంది. మాంసం లేదని చెప్పినా దాషిని వాళ్లు మాంసంగా లెక్కపెట్టరు. ఉయెనో పక్కనే ఉన్న ఒకాచిమాచిలో రత్నాలు, నగల వ్యాపారం చేసే భారతీయులు ఎప్పటినుంచో ఉన్నారు. అందుకే అక్కడ దోసె, సాంబారు దొరికే శాకాహార హోటళ్లు కనిపిస్తాయి. ఉయెనో జేఆర్ స్టేషన్ గేట్ల లోపల టీస్ తాన్‌తాన్ అనే హోటల్లో పాలు, గుడ్డు కూడా లేని రామెన్ నూడుల్స్ దొరుకుతాయి. జపనీస్ వంట రుచి చూడాలి, నియమం తప్పకూడదు అనుకునేవాళ్లకు ఇదే దారి. దారిలో ఆకలేస్తే సెవెన్ ఎలెవెన్‌లో ఉప్పులో ఊరబెట్టిన పండు లోపల పెట్టిన అన్నం ముద్ద, ఉమెబోషి ఓనిగిరి కొనుక్కోండి. పచ్చడన్నం అలవాటైన నోటికి వెంటనే పడుతుంది. పట్టింపు గట్టిగా ఉంటే అందులో కలిపే మసాలా రసాల పేర్లను ఫోన్ కెమెరాతో అనువాదం చేసి చూసుకోండి.

మాంసాహారులకు రెండు వైపులా ఒకటే. ఎటు వెళ్లినా ఆకలితో తిరిగి రారు.

పాస్ కొనాలా అంటే, ఒకే వైపు తిరిగేవాళ్లకు అక్కర్లేదు. సుయికా కార్డులో డబ్బు వేసుకుని గేటు దగ్గర తాకిస్తే చాలు. సబ్‌వే 24 గంటల టికెట్ రోజుకు నాలుగైదు సార్లు మెట్రో ఎక్కేవాళ్లకే గిట్టుతుంది, పైగా ఊరి చుట్టూ తిరిగే యమనోతె రైలు జేఆర్‌ది కాబట్టి దానికి చెల్లదు. సామాను ఉంటే స్టేషన్ కాయిన్ లాకర్లో పెట్టేయండి. పెద్ద సూట్‌కేసు పట్టే లాకర్లు తక్కువ, పొద్దున తొమ్మిది దాటితే ఉయెనో, షిబుయాల్లో ఖాళీ దొరకడం కష్టం.

ఆ ఒక్క రోజునూ ఫుజి పర్వతానికి ఇస్తామనేవాళ్లు ఇంటికొకరు ఉంటారు. షింజుకు నుంచి ఫుజి పక్కనున్న కవగుచికోకు బస్సులో రెండు గంటలు, తిరిగి రావడానికి ఇంకో రెండు, ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ. అంతా చేసి మబ్బు పడితే కొండ కనిపించదు. జూన్ నుంచి ఆగస్టు దాకా అసలే కష్టం. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య పొద్దున ఆకాశం తేటగా ఉంటే షింజుకు ప్రభుత్వ భవనం మీది నుంచే కనిపిస్తుంది. ఎలాగూ పడమటి వైపు వెళ్లే రోజే అయితే, తెరవగానే అక్కడికి ఎక్కి చూసి మెయిజీకి వచ్చేయండి.

అమెరికా వెళ్తూ మధ్యలో ఆగేవాళ్లకు

భారత పాస్‌పోర్టుతో బయటికి రావాలంటే వీసా ముందే తీసుకుని ఉండాలి. అది ఉంటే ఏ వైపు అన్నది విమానాశ్రయమే తేల్చేస్తుంది. బెంగళూరు నుంచి జపాన్ ఎయిర్‌లైన్స్‌లో వచ్చేవాళ్లు దిగేది నరితాలో, ఊరికి సుమారు 60 కిలోమీటర్లు. అక్కడి నుంచి కేసెయ్ స్కైలైనర్ ముప్పావు గంటలో ఉయెనోకి తెస్తుంది. అంటే తూర్పు వైపే. షిబుయా మాట తలపెట్టకండి. హనెదాలో దిగితే ఊరు దగ్గరే. కేక్యూ లైన్‌లో కొన్ని రైళ్లు మారకుండానే అసకుసాకు వెళ్తాయి, షినగవాలో యమనోతెకు మారితే షిబుయా. రెండు విమానాల మధ్య ఎనిమిది గంటలు దాటి ఉంటేనే నరితా నుంచి బయటికి రండి. ఇమ్మిగ్రేషన్‌కు ఒక గంట, రానుపోను రైలుకు, స్టేషన్ వెతుకులాటకు రెండున్నర, తిరిగి రిపోర్ట్ చేయడానికి మూడు తీసేస్తే మిగిలేది గంటన్నర. అంతలో సెన్సోజి ఒక్కటే కుదురుతుంది. ఆరు గంటలే ఉంటే నరితా ఊళ్లోనే నరితాసాన్ షిన్‌షోజి అనే పెద్ద గుడి ఉంది, విమానాశ్రయం నుంచి రైల్లో పది నిమిషాలు, దిగాక ఈల్ చేపల హోటళ్లున్న పాత వీధి గుండా కాసేపు నడక.